భుజం బాగైన ఏడాది

రాళ్లవంక ఊరి గాయం పుస్తకం. రాసేది వన్నూరమ్మ, ఊరి ఛాంపియన్, వయసు ముప్పై ఆరు. ఆటకు ఇంకా ఎన్ని రోజులున్నాయో పైన వేసి రాయాలని నియమం.

41 రోజులు

ఈ పొద్దు నా జడ నేనే వేసుకున్నాను.

అద్దం ముందు నిలబడి ఏదో ఆలోచిస్తూ దువ్వెన అందుకున్నాను. కుడిచెయ్యి తల వెనక్కి పోయింది. మూడు పాయలు తీసి, కిందిదాకా అల్లి, రిబ్బను కట్టేంతవరకూ ఏం చేస్తున్నానో నాకే తెలియలేదు. తెలిశాక మంచం మీద కూలబడ్డాను. పదకొండేళ్లుగా ఈ చెయ్యి భుజం మట్టం దాటి పైకి లేవలేదు.

మా ఆయన ఓబులేసు కోర్టుకు రోలర్ తోలి వచ్చాడు. ఊరి మట్టి కోర్టు చూసుకునేది ఆయనే. రోజూ నాకు జడ వేసేది కూడా ఆయనే. గూట్లో దువ్వెన కోసం చెయ్యి పెట్టి, నా వైపు చూసి ఆగిపోయాడు.

"ఎవరేసినారు?"

"నేనే."

సంతోషిస్తాడనుకున్నాను. పోయి తలుపు గడియ వేసి వచ్చాడు. "ఎవురికీ చూపీద్దు మే," అన్నాడు. నా జడ విప్పి మళ్లీ తనే అల్లాడు. పాయలు వదులుగా వచ్చాయి. నేను వేసిన జడే బాగుంది.

ఇదంతా సూది వల్ల వచ్చింది. భుజం నొప్పికి ఏటా ఆనకట్ట ఆసుపత్రిలో సూది వేయించుకుంటాను. ఈ ఏడు కొత్త మందు వచ్చిందన్నారు. నొప్పి తగ్గితే చాలన్నాను. మందు అక్కడితో ఆగలేదు.

40 రోజులు

గాయం చరిత్ర ప్రతి ఏడూ మొదటినుంచి రాయాలి. ఆట రోజున దీన్ని రెండు ఊళ్ల ముందు చదివి వినిపిస్తారు. వాళ్లకు తెలిసిన సంగతే, అయినా రాస్తున్నాను.

ఆనకట్టలో నీళ్లు రెండు ఊళ్లకు ఒకేసారి చాలవు. మా తాతల కాలంలో కట్టెలు, కొడవళ్లతో తేల్చుకున్నారు. ఇప్పుడు ఏడాదికొక టెన్నిస్ ఆటతో తేల్చుకుంటున్నాం. ఊరికొక ఛాంపియన్. గెలిచిన ఊరిది ముందు వంతు. ఓడిన ఊరి వంతు వచ్చేసరికి ఆనకట్టలో మిగిలేది బురద. అవతలి ఊరు సుంకులపాడు పదేళ్లుగా ఆ బురదే వడకట్టుకుని తాగుతోంది. అక్కడ సగం ఇళ్లకు తాళాలున్నాయి.

ఆట న్యాయంగా జరగాలి కదా. అందుకని ఆట పొద్దున ఆనకట్ట నుంచి తూకందారు వస్తాడు. మిషన్‌తో ఇద్దరి కీళ్లూ కొలుస్తాడు. ఒకరి కీలు ఎక్కడ పట్టేస్తే, రెండోవాళ్ల కీలుకు ఒక పట్టీ కట్టి సరిగ్గా అక్కడే బిగిస్తాడు. దాన్ని సరితూకం పట్టీ అంటారు. కుంటివాడితో పరుగెత్తాలంటే నువ్వూ కుంటాలి. ఈ పద్ధతి పెట్టినవాళ్లు చెడ్డవాళ్లు కారు, లెక్కలో మాత్రం ఒకటి మరిచిపోయారు. నేను పదకొండేళ్లుగా ఈ భుజంతో నిద్రపోతున్నాను, అన్నం తింటున్నాను, నీళ్లు తోడుతున్నాను. ఎదుటి ఆడపిల్లకు అది ఆ పొద్దున్నే వస్తుంది. పైనుంచి కొట్టే సర్వ్ ఆమెకు పోతుంది. చేతిని కిందినుంచి ఊపి, బంతిని మెలితిప్పి వేసే నా సర్వ్ ఆమెకు రాదు.

పదేళ్లు వరసగా గెలిచాను. జనం నా ఆట గొప్పదంటారు. నా భుజం గొప్పది, అంతే.

38 రోజులు

కోర్టులో ఎవరూ లేనప్పుడు పైనుంచి సర్వ్ వేసి చూశాను. బంతిని ఎగరేసి మెడ ఎత్తితే, నీలంగా ఆకాశం, దాని మధ్య పసుపుపచ్చ బంతి. ఆ దృశ్యం మరిచేపోయాను. కొట్టాను. చక్కగా గీత లోపల పడింది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

తర్వాత ముప్పై సర్వ్‌లు వేశాను. నాలుగే లోపల పడ్డాయి. చెయ్యి లేస్తోంది గాని దానికి పని గుర్తులేదు. సుంకులపాడు ఛాంపియన్ ఇప్పుడు హుసేన్‌బీ, ఇరవై రెండేళ్లు. గాయం లేకుండా ఆడితే నన్ను గంటలో ఇంటికి పంపుతుంది. రెండేళ్లుగా ఆమెతో ఆడుతున్నాను, పట్టీ కట్టినా ఆ కాళ్లను అందుకోవడం కష్టమే. అసలు పోయినేడే చేజారబోయింది.

33 రోజులు

తెలిసిపోయింది. గుడ్డలు ఆరేస్తుంటే తీగ కోసం రెండు చేతులూ ఎత్తాను. పక్కింటి సాలమ్మక్క చూసింది. మధ్యాహ్నానికి నీటి కమిటీ పెద్ద తిమ్మప్ప చిన్నాయన మా ఇంట్లో కూర్చున్నాడు.

అరవలేదు. ఆయన ఎప్పుడూ అరవడు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, నా చెయ్యి ఎత్తించి చూశాడు.

"బాగైందిమ్మా. సంతోషం," అన్నాడు. "ఇంగ ముప్పై మూడు దినాలుండాయి. మోకాలైతే అలవాటు పడనీకి నెల చాలు."

"ఏ మోకాలు?"

"కుడిదైనా సరే, ఎడమదైనా సరే. నీకు ఏది వాటమైతే అది. ఎవురూ బలవంతం చేసేది లేదు. కోర్టులో పడినట్టుగా ఉంటాది."

నాకు ఒళ్లు మండింది. "చిన్నాయనా, నువ్వీ మాట అన్నావని పుస్తకంలో రాస్తా. తూకందారు మైకులో చదువుతాడు. రెండూళ్లూ వింటాయి."

"రాసుకోమ్మా," అన్నాడు. లేచి పంచె దులుపుకున్నాడు. "బడి కాడ తొట్టి చూసినావా? అడుగు కనపడతాంది."

చూశాను. నిజంగానే అడుగు కనబడుతోంది.

29 రోజులు

వీధిలో నడిస్తే ముందు జనం నా ముఖం చూసి పలకరించేవాళ్లు. ఇప్పుడు మోకాళ్లు చూస్తున్నారు. సాలమ్మక్క గిన్నెడు ఉలవచారు తెచ్చిచ్చి, "తాగు బిడ్డా, బలం రావల్ల గదా, పడి లేచినాక," అంది. ఆమె కళ్లలో విషం లేదు. అదే నాకు భయమేసింది.

ఒక్కో పూట వాళ్లు అడిగినది న్యాయమే అనిపిస్తోంది. ఒక మోకాలు, మూడు వందల ఇళ్లు. భుజంతో బతికినదాన్ని మోకాలుతో బతకలేనా? ఆ తర్వాత కుడిచెయ్యి పైకెత్తి వేళ్లు కదిలించి చూసుకుంటాను. ఇప్పుడే తిరిగొచ్చింది. ఇంకోటి ఇవ్వబుద్ధి కావడం లేదు.

26 రోజులు

నిన్న ఓబులేసు అన్నం ముట్టలేదు. ఈ పొద్దు కోర్టుకు బయలుదేరుతుంటే దారికడ్డంగా నిలబడ్డాడు.

"ఈ దినం వద్దు మే. బేస్‌లైన్ ఎనక్కి పోవద్దు."

"ఎందుకు?"

"ఆడ మన్ను మెత్తగుంది."

మా ఆయన కోర్టులో మన్ను మెత్తగా ఉండదు. పదిహేనేళ్లలో ఒకే ఒక్కసారి ఉండింది. పదకొండేళ్ల కింద, నేను వెనక్కి పరిగెత్తి బంతి అందుకోబోతే కాలు దిగబడి, మెలితిరిగి భుజం మీద పడ్డ రోజున. కీలు లోపల ఏదో బట్ట చినిగినట్టు చినిగింది.

ఆయన ముఖం చూశాను. అడగాల్సిన పని లేకపోయింది, అయినా అడిగాను.

"అప్పుడు కూడానా?"

గోడకానుకుని కింద కూర్చున్నాడు. "తిమ్మప్పన్న చెప్పినాడు. అప్పట్లో సుంకులపాడు ఆమెకు చీలమండ బాగలేక వరసగా ఆరేండ్లు గెలిచ్చాండ్రి గదా. మనకూ ఒగ గాయం కావల్లన్నాడు. చీలమండ బెణుకుతాది, అంతేలే అన్నాడు. జానెడు మేర తవ్వి, ఇసుక నింపి, పైన రోలర్ తోలినా. భుజం పోతాదని నాకు తెల్దు మే. దేవుని తోడు, తెల్దు."

పదకొండేళ్లు ప్రతి పొద్దునా నా తల దువ్వాడు. నేను దాన్ని ప్రేమ అనుకున్నాను. ప్రేమే కావచ్చు, కాదనడానికి నాకు మనసు రావడం లేదు. కానీ ఇన్నాళ్లూ నా వెనక నిలబడినప్పుడల్లా ఆయన ముఖం ఎలా ఉండేదో నేను ఒక్కసారీ చూడలేదు.

ఇది కూడా మైకులో చదవాలి. అక్షరం వదలకుండా రాశాను.

19 రోజులు

కోర్టు మానేశాను. ఎండిన వంకలో బండ మీద నిలబడి, గోడ మీద గీతలు గీసి బంతి కొడుతున్నాను. బండ కింద ఎవరూ ఇసుక నింపలేరు. పైనుంచి వేసే సర్వ్ ముప్పైకి పదకొండు లోపల పడుతోంది. చాలదు.

ఇంట్లో జడ నేనే వేసుకుంటున్నాను. ఓబులేసు గుమ్మం దగ్గర కూర్చుని రాకెట్ తీగలు సరిచేస్తున్నట్టు నటిస్తుంటాడు. మాట్లాడుకోవడం లేదు. ఆయన సంగటి కెలుకుతాడు, నేను తింటాను.

8 రోజులు

తిమ్మప్ప చిన్నాయన మళ్లీ వచ్చాడు. ఇప్పుడు మోకాలు విరిగినా అలవాటు పడేంత టైము లేదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"ఓడిపోతామమ్మా," అన్నాడు. మొదటిసారి ఆయన గొంతు ముసలిగా వినబడింది.

"చిన్నాయనా, పుస్తకం చదివినాక ఆట ఉండదులే. మీరు చేసింది ఇన్నాక ఆనకట్టోళ్లు ఈ పద్ధతే ఎత్తేస్తారు. నీళ్లు ఇంగో తీరున పంచుతారు."

ఆయన నా వైపు, చిన్నపిల్ల ఏదో ముద్దుగా అన్నట్టు చూశాడు. చెప్పులేసుకుని పోయాడు.

నా నమ్మకం ఇదే. నాకు ఆట అక్కర్లేదు. ఈ పుటలు గట్టిగా చదివితే చాలు. ఏ ఊరైనా ఇది విని ఊరుకోగలదా?

1 రోజు

భుజం: నొప్పి లేదు. మోకాళ్లు: బాగున్నాయి. చీలమండలు: బాగున్నాయి. పదకొండేళ్లలో మొదటిసారి ఈ గడి ఇలా రాస్తున్నాను. రేపు పుస్తకం అప్పగిస్తాను.

ఆట రోజు (కొత్త పుస్తకం, మొదటి పుట)

పాత పుస్తకం అప్పగించినందుకు ఇది ఇచ్చారు. మరిచిపోకముందే వరసగా రాస్తాను.

ఆనకట్ట కట్ట కింద కోర్టు. ఒక పక్క మా ఊరు, ఒక పక్క సుంకులపాడు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. తూకందారు సుగుణాకర్ కళ్లజోడు తుడుచుకుని ముందు నా పుస్తకం తెరిచాడు.

అంతా చదివాడు. మోకాలు మాట, మెత్తటి మన్ను, ఇసుక, రోలర్, అన్నీ. ఓబులేసు తల దించుకుని నిలబడ్డాడు. రెండు ఊళ్ల ముఖాలూ ఒక్కొక్కటే చూశాను.

ఎవరూ కదల్లేదు. ఇద్దరు ముగ్గురు తలలు ఊపారు, తెలిసిన కథలో తెలిసిన చోటు వచ్చినట్టు. సుంకులపాడు వైపు నుంచి ఒక అవ్వ, "ఇంగెంతసేపు సామీ, ఎండెక్కుతాంది," అంది.

అప్పుడర్థమైంది నాకు. నేనొక్కదాన్నే తెలియనిదాన్ని.

తర్వాత హుసేన్‌బీ పుస్తకం తెరిచాడు. అది నాదానికంటే చిన్నది. పోయిన రెండేళ్లూ అందులో గాయం లేదన్న మాట తప్ప ఏమీ ఉండలేదు, ఈసారి ఉంది. పదహారో ఏట పెద్దలు ఆమెకు నా ఆట చూపించి, నేర్చుకోమన్నారు. నా భుజం ఎక్కడ ఆగుతుందో అక్కడే ఆగేలా కుడిచేతికి కట్టు కట్టారు. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా, ఆరేళ్లు. ఆరో ఏట కట్టు విప్పినా చెయ్యి పైకి రావడం లేదని ఒక వాక్యం ఉంది. దాని కింద పెద్దల సంతకాలున్నాయి. ఆఖరి వాక్యం, "ఇప్పుడు కట్టు అవసరం లేదు."

సుగుణాకర్ మిషన్ తీశాడు. "చేయి పైకెత్తండమ్మా. ఇంకొంచెం. ఇంకా." నా చెయ్యి ఆకాశంలోకి లేచింది. మా ఊరివాళ్లు మూలిగారు. "గాయం లేదు," అని రాసుకున్నాడు.

హుసేన్‌బీ చెయ్యి భుజం మట్టం దగ్గర ఆగింది. సన్నబడి ఉంది, ఎడమ చేతికీ దానికీ పొంతన లేదు. "కుడి భుజం, తొంభై డిగ్రీలు," అన్నాడు. పెట్టె తెరిచి సరితూకం పట్టీ బయటికి తీశాడు. నా భుజానికి చుట్టి, తొంభై దగ్గర బిగించాడు.

నా పాత భుజం నాకు తిరిగొచ్చింది. మా ఊరికి విషయం అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ఈలలు వేశారు. తిమ్మప్ప చిన్నాయన తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు.

ఓడిపోదామనుకున్నాను. ఆ అమ్మాయి చెయ్యి చూశాక గెలవాలన్న కోరిక చచ్చింది. మొదటి మూడు గేములు బంతులు నెట్‌లోకి కొట్టాను. చోట్లు మార్చుకునేటప్పుడు హుసేన్‌బీ నా పక్కనుంచి పోతూ ఆగింది.

"అక్కా, ఊరికే ఇయ్యొద్దు."

"నీ ఊరికి నీళ్లు కావల్ల గదా అమ్మీ."

"కావల్ల. కానీ నువ్వు ఇడిసిపెడితే, నా చెయ్యి బాగున్నా నీళ్లు ఇట్లే వచ్చుండేటివి గదా. ఆరేండ్లు దేనికి కట్టుకున్యా నేను?" గొంతు తగ్గించింది. "ఆడు అక్కా. నీ కాళ్లు పట్టుకుంటా."

ఆడాను. ఈ ఏడు ఆమె సర్వ్ అచ్చం నాదే. చేతిని కిందినుంచి ఊపి, బంతిని మెలితిప్పి, మూలకు. నా ఆటే నా ఎదుట, పద్నాలుగేళ్లు చిన్న కాళ్లతో ఆడుతోంది. మొదటి సెట్ ఆమె గెలిచింది. రెండోది నేను. మూడో సెట్‌లో నాకు ఊపిరి అందడం లేదు, కానీ ఒక సంగతి పట్టుకున్నాను. ఇబ్బందిలో పడ్డప్పుడల్లా ఆమె సరిగ్గా నేనేం చేస్తానో అదే చేస్తోంది. వేరే ఆట ఆమెకు ఎవరూ నేర్పలేదు. అందుకని బంతి వచ్చే చోటికి నేను ముందే పోయి నిలబడ్డాను.

ఏడు–ఐదు. మూడో సెట్ నాదే. వరసగా పదకొండో గెలుపు.

సుగుణాకర్ వచ్చి పట్టీ విప్పాడు. చెమట కళ్లలోకి కారుతుంటే అలవాటుగా కుడిచెయ్యెత్తి నుదురు తుడుచుకున్నాను. నెట్ అవతల హుసేన్‌బీ ఆ చేతినే చూస్తూ నిలబడింది. ఆమె ఎడమచేత్తో తుడుచుకుంటోంది.

"ఏ సూది అక్కా అది?"

చెప్పాను. ఆనకట్ట ఆసుపత్రి, కొత్త మందు, ఎవరడిగినా వేస్తారు. "రేపే పో. నేనూ తోడొస్తా," అన్నాను.

తల అడ్డంగా ఊపింది. "మా పెద్దోళ్లు ఒప్పుకోరు. వచ్చే ఏటికి ఇది బాగా పనికొస్తాదంట. ఈ ఏడు రవ్వంతలో పోయింది గదా." కోపంగా అనలేదు, వాన రాదని చెప్పినట్టు చెప్పింది. ఆమె జుట్టు ఊడి మెడకు అతుక్కుని ఉంది.

"ఇట్లా తిరుగు, జడేస్తా," అన్నాను.

"వద్దులే అక్కా. మాయమ్మ ఏస్తాది. ఆమెకు అలవాటైంది."

మరుసటి రోజు

కాలువలో నీళ్లొచ్చాయి. బడి దగ్గర తొట్టి సగం నిండింది. సాలమ్మక్క తొలి బిందె మా గుమ్మంలో దించి పోయింది. తాగాను. చల్లగా, తియ్యగా ఉన్నాయి. తాగకుండా ఉండగలనని నిన్న రాత్రి అనుకున్నాను.

తిమ్మప్ప చిన్నాయన వచ్చి ఒక గుడ్డమూట విప్పాడు. సరితూకం పట్టీ. ఆనకట్టవాళ్లను అడిగి తెచ్చాడట, తొంభై దగ్గర బిగించే ఉంది.

"వచ్చే ఏడు కూడా ఆ పాప ఈ చేత్తోనే వస్తాది," అన్నాడు. "నువ్వు మరిచిపోగూడదు గదమ్మా. పగలు మాత్రం కట్టుకో. మోకాలు కంటే నయం గదా."

నయమే. అదే నన్ను చంపుతోంది. పుస్తకంలో రాస్తానని ఈసారి బెదిరించలేదు. రాసి చదివించాను, అయింది. కట్టుకోనంటే ఈసారి బండ మీద కూడా ఏదో ఒకటి జరుగుతుంది, లేదా ఊళ్లో ఇంకెవరి చేతికో ఈ పట్టీ పోతుంది. మా సాలమ్మక్క మనవరాలికి పదిహేనేళ్లు. బాగా పరిగెత్తుతుంది. చిన్నాయన ఈ మధ్య దాని గురించి రెండుసార్లు అడిగాడు.

కట్టుకున్నాను.

ఓబులేసు గూట్లోంచి దువ్వెన తీసి నా వెనకొచ్చి నిలబడ్డాడు. పదకొండేళ్లుగా నిలబడే చోటే.

"ఇట్లియ్యి," అన్నాను.

ఇచ్చాడు. ఎడమచేత్తో దువ్వుకున్నాను. ఒంటి చేత్తో జడ రాలేదు. రెండుసార్లు అల్లబోయాను, పాయలు జారిపోయాయి. దువ్వెన గూట్లో పెట్టి, జుట్టు అలాగే వదిలేసి కోర్టుకు పోయాను.

గాయం: కుడి భుజం, తొంభై డిగ్రీలు. ఆటకు ఇంకా 364 రోజులు.